బుర్ర తిరిగే సైన్స్ ఫిక్షన్ యానిమే కావాలా? టాప్-10 లిస్టులు పక్కనపెట్టి ఇలా వెతకండి!

యానిమే అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేవి ఫైట్లే. కత్తులు, రాక్షసులు, మెరుపులు.. తెలుగులోకి వస్తున్నవి కూడా ఎక్కువగా అవే. 2025 సెప్టెంబర్ 12న 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్' తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లలోకి వచ్చింది. 'సోలో లెవలింగ్' సిరీస్‌కు క్రంచీరోల్‌లో తెలుగు ఆడియో ఉంది. ఇవి చూసి యానిమేకి అలవాటుపడిన కుర్రాళ్లు ఇప్పుడు పెద్ద నగరాల్లోనే కాదు, చిన్న ఊళ్లలోనూ ఉన్నారు.

అయితే జపాన్ యానిమేలో ఇంకో రకం ఉంది. కాలం వెనక్కి తిరుగుతుంది. కల బయటికి నడిచొస్తుంది. చనిపోయిన అమ్మాయి నుంచి ఈమెయిల్ వస్తుంది. చూడటం పూర్తయ్యాక ఉత్తరాంధ్ర యాసలో ఒకటే మాట వస్తుంది.. "ఇదేటిరా బాబూ!" సమస్య ఏంటంటే, ఈ రకం యానిమే యాప్ ఓపెన్ చేయగానే కనిపించదు. తెలుగు ఆడియో అంతకన్నా అరుదు. అంటే విజయనగరం జిల్లా గరివిడిలో తెలుగు మీడియం చదివిన కుర్రాడికి ఈ తలుపు దాదాపు మూసి ఉన్నట్టే. ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీకి, వెటర్నరీ కాలేజీకి పేరున్న ఊరు ఇది. మిగిలింది చేతిలో ఫోన్. మరి ఆ ఫోన్‌లోనే వీటిని వెతుక్కునేదెలా? ఎక్కడ మొదలుపెట్టాలి?

తెలుగువాళ్లకు ఇది కొత్తేం కాదు

మనకు తెలియకుండానే సైన్స్ ఫిక్షన్ యానిమే చూస్తూ పెరిగాం. టీవీలో తెలుగు మాట్లాడిన డోరెమాన్ ఎవరు? 22వ శతాబ్దం నుంచి వచ్చిన రోబో. నోబితా టేబుల్ సొరుగులో ఉండేది టైమ్ మెషిన్. ఇక 1991లోనే సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369'లో బాలకృష్ణను శ్రీకృష్ణదేవరాయల కాలానికి పంపించి, అక్కడి నుంచి భవిష్యత్తులోకి తీసుకెళ్లారు.

ఇంకా వెనక్కి వెళ్తే భాగవతంలో రేవతి కథ ఉంది. కూతురికి తగిన వరుడు ఎవరో అడుగుదామని కకుద్మి మహారాజు రేవతిని వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్తాడు. అక్కడ గానం జరుగుతుంటే కాసేపు ఆగుతాడు. ఆ కాసేపట్లోనే భూమ్మీద 27 చతుర్యుగాలు గడిచిపోతాయి. ఆయన మనసులో అనుకున్న వరులే కాదు, వాళ్ల వంశాలు కూడా మిగల్లేదు. చివరికి రేవతికి బలరాముడితో పెళ్లవుతుంది. యోగవాసిష్ఠంలో లవణ మహారాజుది ఇంకో విచిత్రం. కొలువులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే కొద్దిసేపట్లో వేరే మనిషిగా ఓ జీవితకాలం బతికి, మళ్లీ సింహాసనం మీద కళ్లు తెరుస్తాడు.

కాలం అందరికీ ఒకేలా నడవకపోవడం, కలకీ నిజానికీ తేడా చెరిగిపోవడం.. విచిత్రమైన యానిమే పట్టుకునే ప్రశ్నలు ఇవే. కాబట్టి 'మనకి అర్థం కాదేమో' అని భయపడాల్సిన పనిలేదు.

మొదటి సూత్రం: పేరుతో కాదు, ప్రశ్నతో వెతకండి

'బెస్ట్ సైన్స్ ఫిక్షన్ యానిమే' అని కొడితే అందరూ చూసినవే మళ్లీ మళ్లీ వస్తాయి. దానికి బదులు ఏ రకం విచిత్రం కావాలో ముందు తేల్చుకోవాలి. దారులు ప్రధానంగా నాలుగు.

1. కాలం: 'స్టైన్స్ గేట్' (2011, 24 ఎపిసోడ్లు). టోక్యోలోని అకిహబరాలో ఓ చిన్న అద్దె గదిలో కుర్రాళ్లు మైక్రోవేవ్ ఓవెన్‌కి సెల్‌ఫోన్ తగిలిస్తారు. దాంతో గతానికి మెసేజ్‌లు వెళ్తున్నాయని కనిపెడతారు. మొదటి సగం నెమ్మదిగా, సరదాగా సాగుతుంది. చాలామంది అక్కడే వదిలేస్తారు. కానీ ఆ సగంలో పంపిన ఒక్కో మెసేజ్‌కీ రెండో సగంలో లెక్క చెల్లించాల్సి వస్తుంది.

2. కల: 'పాప్రికా' (2006). నిద్రపోతున్న మనిషి కలలోకి డాక్టర్లు వెళ్లగలిగే పరికరం దొంగతనానికి గురవుతుంది. అక్కడి నుంచి ఎవరి కల ఎవరిదో తెలియదు. సినిమా గంటన్నరే. 2010లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'ఇన్‌సెప్షన్'తో దీన్ని చాలామంది పోలుస్తుంటారు.

3. నెట్‌వర్క్: 'సీరియల్ ఎక్స్‌పెరిమెంట్స్ లెయిన్' (1998, 13 ఎపిసోడ్లు). గూగుల్ కంపెనీ పుట్టిన ఏడాదే ఇది టీవీలో ప్రసారమైంది. స్కూల్ పిల్ల లెయిన్‌కి చనిపోయిన క్లాస్‌మేట్ నుంచి మెయిల్ వస్తుంది. తర్వాత నెట్‌లో ఇంకో లెయిన్ తిరుగుతోందని తెలుస్తుంది. మనిషి ఒకలా, ఆన్‌లైన్‌లో మనిషి ఇంకోలా ఉండటం ఇప్పుడు అందరికీ తెలిసిన సంగతి. సోషల్ మీడియా ఇంకా రాని రోజుల్లోనే ఈ సిరీస్ దాన్ని పట్టుకుంది.

4. జ్ఞాపకం, శరీరం: 'కైబా' (2008, 12 ఎపిసోడ్లు). బొమ్మలు చూస్తే పసిపిల్లల కార్టూన్‌లా ఉంటుంది. కథ మాత్రం గట్టిది. జ్ఞాపకాలను చిప్‌లో దాచుకునే లోకంలో ఉన్నవాళ్లు కొత్త శరీరాలు కొనుక్కుంటారు, లేనివాళ్లు సొంత శరీరాన్నే అమ్ముకుంటారు. ఇదే దారిలో అందరికీ తెలిసిన పేరు 'గోస్ట్ ఇన్ ది షెల్' (1995). 1999 నాటి 'ది మ్యాట్రిక్స్'కి స్ఫూర్తిగా నిలిచిన సినిమాల్లో ఇదొకటి.

రెండో సూత్రం: తీసినవాళ్ల పేర్లు పట్టుకోండి

ఇది మన ప్రేక్షకులకు బాగా తెలిసిన పద్ధతే. 'ఆదిత్య 369' నచ్చినవాళ్లు సింగీతం పేరు పట్టుకుని వెళ్తే మాటలే లేని 'పుష్పక విమానం' (1987) దొరుకుతుంది, 'భైరవ ద్వీపం' (1994) దొరుకుతుంది. మూడూ మూడు రకాలు, తీసిన బుర్ర ఒక్కటే. యానిమేలోనూ అంతే.

'పాప్రికా' నచ్చిందా? దర్శకుడు సతోషి కోన్. ఆయన 2010 ఆగస్టులో 46 ఏళ్లకే చనిపోయారు. తీసిన సినిమాలు నాలుగే.. 'పర్ఫెక్ట్ బ్లూ' (1997), 'మిలీనియం యాక్ట్రెస్' (2001), 'టోక్యో గాడ్‌ఫాదర్స్' (2003), 'పాప్రికా'. వీటికి తోడు 'పారనోయా ఏజెంట్' (2004) అనే 13 ఎపిసోడ్ల సిరీస్. అన్నీ సైన్స్ ఫిక్షన్ కావు. ఏది నిజం, ఏది భ్రమ అనే ఆట మాత్రం చాలా వాటిలో ఉంటుంది. మహేష్ బాబు '1: నేనొక్కడినే' (2014) చూసి 'హీరో చూస్తున్నది నిజమేనా?' అని తల పట్టుకున్నవాళ్లకు కోన్ సినిమాలు బాగా ఎక్కుతాయి.

'కైబా' నచ్చితే దర్శకుడు మసాకి యువాసా పేరు పట్టుకోవాలి. ఆయన 2010లో తీసిన 'ది టాటామి గెలాక్సీ' 11 ఎపిసోడ్లే. కాలేజీలో చేరిన కుర్రాడు ఏ క్లబ్‌లో చేరితే జీవితం ఎలా ఉండేదో ఒక్కో ఎపిసోడ్‌లో మళ్లీ మొదటి నుంచి బతుకుతాడు. ఎంపీసీ తీసుకోవాల్సిందా, బైపీసీ తీసుకోవాల్సిందా అని ఇంటర్ అయిపోయాక కూడా లెక్కలేసుకునే మన పిల్లలకు ఈ కథ పరాయిది కాదు. ఒక్కటే ఇబ్బంది.. ఇందులో మాటలు మెషిన్ గన్‌లా పడతాయి. సబ్‌టైటిల్స్ చదవడం అలవాటయ్యాకే దీని జోలికి వెళ్లడం మంచిది.

'లెయిన్' నచ్చితే రచయిత చియాకి కొనకా, పాత్రల రూపకర్త యోషితోషి ఆబే పేర్లు చూడాలి. ఇద్దరూ కలిసి పనిచేసిన 'టెక్నోలైజ్' (2003), ఆబే సొంత కథ 'హైబానే రెన్మెయ్' (2002) అలాగే దొరుకుతాయి.

మూడో సూత్రం: భాష అడ్డొస్తే మాటలు తక్కువున్నవి ముందు

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పైన చెప్పినవాటిలో ఎక్కువ భాగం చూడాలంటే ఇంగ్లీష్ సబ్‌టైటిల్సే గతి. తెలుగు మీడియంలో చదివినవాళ్లకు బొమ్మ చూడాలా, కింద అక్షరాలు చదవాలా అనేది నిజమైన సమస్యే. దాంతో కథ అర్థం కాకపోతే తప్పు తమదే అనుకుని వదిలేస్తారు. తప్పు వాళ్లది కాదు, మెట్లు సరిగ్గా లేకపోవడమే.

మొదటి మెట్టు: 'వాయిసెస్ ఆఫ్ ఎ డిస్టెంట్ స్టార్' (2002). కేవలం 25 నిమిషాలు. తర్వాత 'యువర్ నేమ్' తీసిన మకోటో షిన్‌కాయ్ దాదాపు ఒంటరిగా తన కంప్యూటర్ మీద తయారుచేసిన చిత్రమిది. ఓ అమ్మాయి అంతరిక్ష యుద్ధానికి వెళ్తుంది. భూమ్మీద ఉన్న అబ్బాయికి ఫోన్‌లో మెసేజ్‌లు పంపుతుంటుంది. దూరం పెరిగేకొద్దీ మెసేజ్ చేరే సమయం పెరుగుతుంది. సిరియస్ నక్షత్రం భూమికి 8.6 కాంతి సంవత్సరాల దూరం. అక్కడి నుంచి పంపిన మాట అందేసరికి ఎనిమిదేళ్లు దాటిపోతుంది. అబ్బాయి పెద్దవాడవుతాడు, అమ్మాయి అదే వయసులో ఆగిపోతుంది. రేవతి కథ సెల్‌ఫోన్ కాలానికి వచ్చినట్టే. పని కోసం దూరాలు వెళ్లినవాళ్ల కబురు కోసం ఎదురుచూసిన ఇళ్లు ఉత్తరాంధ్రలో ఎన్నో. వాళ్లకు దీన్ని ప్రత్యేకంగా వివరించక్కర్లేదు.

రెండో మెట్టు: 'ఏంజెల్స్ ఎగ్' (1985). 'గోస్ట్ ఇన్ ది షెల్' తీసిన మమోరు ఓషీదే. గంటా పది నిమిషాల సినిమాలో మాటలు చాలా తక్కువ. పాడుబడిన ఊళ్లో ఓ చిన్న పిల్ల గుడ్డును పొట్టకు హత్తుకుని తిరుగుతుంటుంది. అందులో ఏముంది? ప్రశ్న అదే, జవాబు ఎవరికి వాళ్లు చెప్పుకోవాల్సిందే. ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్లూ, రానివాళ్లూ దీని ముందు సమానమే.

మూడో మెట్టు: నెట్‌ఫ్లిక్స్‌లో 2023 అక్టోబర్ 26న వచ్చిన 'ప్లూటో'. ఎనిమిది ఎపిసోడ్లు, ఒక్కోటి దాదాపు గంట. ప్రపంచంలోని గొప్ప రోబోలను ఒక్కొక్కటిగా ఎవరో చంపేస్తుంటే రోబో డిటెక్టివ్ ఒకరు విచారణకు దిగుతారు. క్రైమ్ కథలా సాగుతుంది కాబట్టి దారి తప్పే ప్రమాదం తక్కువ. ఈ మూడూ అయ్యాక 'లెయిన్', 'స్టైన్స్ గేట్' వైపు వెళ్తే బరువనిపించదు.

ఇవి గుర్తుపెట్టుకోండి

- యాప్‌లో పేర్లను ఇంగ్లీష్ స్పెల్లింగ్‌తోనే వెతకాలి. ప్లే చేసే ముందు ఆడియో ఆప్షన్లు ఓసారి చూడాలి. తెలుగు ఉంటే పండగే, లేకపోతే హిందీయో, ఇంగ్లీషో ఏది సులువైతే అది ఎంచుకోవచ్చు.

- ఏది ఏ యాప్‌లో ఉందో మారుతూ ఉంటుంది. ఈ నెల ఉన్నది వచ్చే నెల ఉండకపోవచ్చు. అందుకే డబ్బు కట్టే ముందే వెతికి చూసుకోవాలి. ఒక నెల ప్లాన్ తీసుకుని, చూడాల్సినవి వరుసగా చూసేసి ఆపేయడం తెలివైన పని.

- ఇంట్లో వైఫై లేకపోతే డౌన్‌లోడ్ క్వాలిటీ తగ్గించుకోవచ్చు. ఫోన్ తెర మీద 480పీ చాలు. ఒక్కో ఎపిసోడ్ 24 నిమిషాలే. గరివిడిలో రైలెక్కి విశాఖలో దిగేలోపు మూడు నాలుగు పూర్తవుతాయి.

- 'ఫ్రీగా చూడండి' అంటూ వచ్చే లింకులు, తెలియని ఏపీకే ఫైళ్లు నొక్కొద్దు. 13 ఎపిసోడ్ల కోసం ఫోన్‌లో ఉన్న యూపీఐని ప్రమాదంలో పెట్టుకున్నట్టవుతుంది.

- బొమ్మలు కదిలితే పిల్లల కార్టూన్ అనుకోవద్దు. 'లెయిన్' ఓ విద్యార్థిని ఆత్మహత్యతో మొదలవుతుంది. 'పర్ఫెక్ట్ బ్లూ'లో లైంగిక హింస ఉంది. 1988 నాటి 'అకీరా'లో రక్తపాతం ఎక్కువ. వయసు రేటింగ్ చూశాకే పిల్లల చేతికి ఇవ్వాలి. మనసు బాగోలేని రోజుల్లో పెద్దవాళ్లు కూడా వీటిని పక్కనపెట్టడమే మంచిది.

అర్థం కాకపోతే ఏం చేయాలి?

ముందుగా ఫోన్ తీసి 'ఎండింగ్ ఎక్స్‌ప్లెయిన్డ్' వీడియో కోసం వెతకొద్దు. ఈ కథలు తీసినవాళ్లే కొన్ని ముడులు కావాలని వదిలేస్తారు. 1995-96లో ప్రసారమైన 'నియాన్ జెనెసిస్ ఇవాంజెలియన్' 26 ఎపిసోడ్ల సిరీస్ చివరి రెండు ఎపిసోడ్ల మీద జపాన్‌లోనే పెద్ద రచ్చ జరిగింది. దర్శకుడు హిదెయాకి అన్నో 1997లో ఇంకో ముగింపును సినిమాగా తీశారు. దాని మీదా వాదనలు ఆగలేదు. సొంత దేశం వాళ్లకే అర్థం కాలేదంటే మనం కంగారు పడటం దేనికి?

మూడు ఎపిసోడ్లు చూడండి. కథ అర్థం కాకపోయినా ఫర్వాలేదు. తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలని ఉంటే కొనసాగించండి, లేకపోతే మొహమాటం లేకుండా ఆపేసి ఇంకో దారి పట్టండి. చూసిన ఇద్దరు కూర్చుని 'నాకిలా అనిపించింది' అంటే 'కాదు, నాకిలా' అని వాదించుకున్నారంటే ఆ యానిమే పని చేసినట్టే. పక్కన తోడు ఎవరూ లేకపోతే ముందు 25 నిమిషాల 'వాయిసెస్ ఆఫ్ ఎ డిస్టెంట్ స్టార్'ను ఓ స్నేహితుడికి చూపించండి. వాదించడానికి మనిషి దొరికేస్తాడు.