మందు ఉందన్న ధైర్యం

బొల్లారం నుంచి బేగంపేట ఎంతో దూరం కాదు. అల్వాల్, లోతుకుంట, తిరుమలగిరి దాటితే సగం దారి కంటోన్మెంట్ చెట్ల నీడలోనే గడిచిపోతుంది. ఆ చివర, 1895 మే నెలలో, రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు లచ్‌మన్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడి చేత దోమలు చచ్చి నానిన నీళ్లు తాగించాడు. మలేరియా అలా వస్తుందేమోనని అప్పటి అనుమానం. కొన్నాళ్లకు కుర్రాడికి జ్వరం తగిలింది. నీళ్లతో మలేరియా రాదని ఇప్పుడు మనకు తెలుసు, ఆ జ్వరం దేనిదో మరి! ప్రయోగం ఎందుకు తప్పు కాదో రాస్ తన గురువు ప్యాట్రిక్ మాన్సన్‌కు రాసుకున్నాడు. ఫలితం వస్తే లోకానికి గొప్ప మేలు, వికటిస్తే క్వినైన్ ఎలాగూ చేతిలో ఉంది.

రెండేళ్ల తర్వాత హుసేన్ ఖాన్ అనే రోగిని పది దోమలతో కుట్టించి, కాటుకు ఒక అణా చొప్పున పది అణాలిచ్చాడు. 1897 ఆగస్టు 20న ఆ దోమల్లో ఒకదాని కడుపులోనే మలేరియా గుట్టు దొరికింది. 1902లో నోబెల్ వచ్చింది, రాస్‌కు.

మందు చేతిలో ఉందన్న ఆ ధైర్యమే నేడు హెచ్‌ఐవీని సమూలంగా నయం చేయాలనే పరిశోధనల్లో మళ్లీ వినిపిస్తోంది. రోజూ వేసుకునే ఏఆర్‌టీ మాత్రలు వైరస్‌ను పెరగనివ్వవు. వైరల్ లోడ్ పరీక్షకు అందనంతగా తగ్గిపోయి అలాగే నిలిస్తే, లైంగికంగా ఇంకొకరికి సోకదు కూడా. కానీ కొన్ని కణాల్లో వైరస్ నిద్రపోతూనే ఉంటుంది. కొత్త మందు దాన్ని తుడిచేసిందో లేదో చెప్పగల రక్తపరీక్ష ఇంకా లేదు. మాత్రలు ఆపి చూడాల్సిందే. మామూలుగా అయితే రెండు నుంచి నాలుగు వారాల్లో వైరస్ తిరిగి లేస్తుంది. బోస్టన్‌లో ఎముకమజ్జ మార్పిడి జరిగిన ఇద్దరిలో ఇక లేదనుకున్నారు. ఒకరిలో 12 వారాలకు, మరొకరిలో 32 వారాలకు తిరిగొచ్చింది. మిసిసిపీ పసిబిడ్డలో రెండేళ్లకు పైగా జాడ లేకుండా ఉండి, 2014లో బయటపడింది.

ఇప్పుడు బొల్లారంలో ఒకాయన ఉన్నాడనుకుందాం. పన్నెండేళ్లుగా మందు తప్పలేదు, మనిషి గట్టిగా ఉన్నాడు, డబ్బా మీది లేబుల్ మాత్రం ఇంటికి రాగానే చింపేస్తాడు. ఆయనకు ఇలాంటి ప్రయోగానికి పిలుపొచ్చింది. క్యాన్సర్ ముదిరినవాడు కొత్త మందుకు ఒప్పుకుంటే అర్థం చేసుకోవచ్చు, అతనికి వేరే దారి లేదు. ఇక్కడ లెక్క తిరగబడింది. బాగున్న మనిషిని, పనిచేస్తున్న మందు ఆపమంటున్నాం. పైగా తొలిదశ ప్రయోగం చూసేది మోతాదు ఎంత, హాని ఎంత అనేదే. ఆయనకు దక్కే లాభం దాదాపు సున్నా. మందు ఆపడం ఆటలాడే విషయం కాదని 2006లో వెలువడిన స్మార్ట్ అధ్యయనం చూపింది. ఐదువేల మందికి పైగా పాల్గొన్న ఆ పరిశీలనలో, మాత్రలు ఆపుతూ మొదలెడుతూ వచ్చినవారిలో జబ్బులూ మరణాలూ కలిపి రెట్టింపును మించాయి. ఇప్పటి విరామాలు సాధారణంగా కొద్ది వారాలవే, తరచూ రక్తం చూస్తారు, నిజమే.

నాకు అన్నిటికన్నా భయం ‘నయం’ అనే మాటంటేనే. నయం చేసే పరిశోధన అని ఎవరైనా అంటే, మన చెవికి పరిశోధన వినపడదు, నయమే వినపడుతుంది. పెద్ద డాక్టరుగారు రమ్మన్నారంటే వైద్యం చేయడానికే అనుకుంటాం. అంగీకార పత్రం మొదటి వాక్యం ‘దీనివల్ల మీ జబ్బు తగ్గదు’ అని ఉండాలి, పెద్దక్షరాల్లో.

సంతకాల సంగతి మనకు కొత్తేమీ కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఒక అధ్యయనం కింద దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. తర్వాత విచారణలో 9,543 పత్రాలు తిరగేస్తే 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి, 1,948 మీద వేలిముద్రలు. టీకా తర్వాత జరిగిన కొన్ని మరణాలకు ఆ టీకాయే కారణమని తేలలేదు. కానీ తల్లిదండ్రుల బదులు వార్డెన్ ఒప్పుకోవడమేమిటన్న ప్రశ్న 2013లో పార్లమెంటరీ సంఘం నివేదిక దాకా వెళ్లింది.

ఆ తర్వాత నిబంధనలు బిగిశాయి. బలహీన స్థితిలో ఉన్నవారిపై కొత్త రసాయన ఔషధాన్ని పరీక్షిస్తుంటే, అంగీకారం తీసుకోవడాన్ని వీడియో తీయాలి. హెచ్‌ఐవీ, కుష్టు మందులకు మాత్రం గొంతు రికార్డు చేస్తే చాలు. మొహం కనబడకూడదు కదా! బెర్లిన్ పేషెంట్‌గా పేరుపడ్డ తిమోతీ రే బ్రౌన్, లుకేమియాకు చేసిన మార్పిడితో హెచ్‌ఐవీ కూడా పోయాక, తన పేరు తానే చెప్పుకుని లోకమంతా తిరిగాడు. మనవాడు సొంత వీధిలో చెప్పలేడు. 2018 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం, తెలిసి ఇచ్చిన అంగీకారం లేకుండా ఎవరినీ పరిశోధనలో చేర్చకూడదంటుంది.

అంగీకారం ఆయనది. మాత్ర ఆగిన ఆ కొద్ది వారాల్లో వైరస్ లేచిందంటే, అది మళ్లీ సోకే స్థితికి చేరుతుంది. ఇంట్లో భార్య ఉంటుంది. విదేశాల్లో ఇలా విరామంలో భాగస్వామికి సోకిన ఉదంతాలు వైద్యపత్రికల్లో నమోదయ్యాయి. ఆవిడకు ఆయన జబ్బు సంగతి తెలిసి ఉండొచ్చు, తెలియకపోవచ్చు. గదిలో రికార్డర్ తిరుగుతుంటుంది, డాక్టరుగారు అడుగుతారు, ఆయన ఊఁ అంటాడు. ఆవిడ ఆ గదిలో లేదు.