బతుకమ్మ ఫొటో ఎక్కడ నిలబడి తియ్యాలి?

దసరా సెలవులు దగ్గరపడగానే మన హాస్టల్లో కెమెరా ఉన్నవాళ్ళకు స్నేహితులెక్కువవుతారు. ఫోన్లున్నవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. సెలవులయ్యాక చూస్తే అందరి బతుకమ్మ ఫొటోలూ ఒక్క తీరుగనే ఉంటాయి: ముందు వీపులు, నడుమ ఫ్లాష్ దెబ్బకు తెల్లబోయిన పూలు. ఇట్లా ఎందుకవుతుందో నాకు తెలిసినంతవరకు రాస్తాను. బీయెస్సీ చదువుతున్నాను గనుక కొంత తెలుసు, రైతు బిడ్డను గనుక కొంత తెలుసు.

మొదలు పూల సంగతి. గునుగు మా పత్తి చేనులో కలుపు. వానకాలమంతా బాపు దాన్ని పీకిస్తూనే ఉంటాడు. భాద్రపద అమావాస్య, అంటే ఎంగిలిపూల బతుకమ్మ వచ్చిందంటే బాపమ్మ అదే గునుగు కోసం గట్లన్నీ తిరుగుతుంది. శాస్త్రంలో దీని పేరు సెలోసియా అర్జెంటియా. కలుపు మందు కొట్టిన చేన్లలో అది కనబడదు. ఆ పది రోజులు మాత్రం మా ఇంట్లో బాపుకూ బాపమ్మకూ పడదు. గుమ్మడాకు పరచిన సిబ్బిలో గునుగు, తంగేడు, బంతి వరుసలు పేర్చి, కొసకు పసుపు గౌరమ్మను నిలిపితే అదే దేవత. గుడి లేదు, పూజారి లేడు. తొమ్మిది రోజుల్లో ఆరో నాడు బతుకమ్మ అలుగుతుంది, ఆ రోజు పేర్చరు. 2014లో రాష్ట్ర పండుగ అయినాక పట్నాల్లో స్టేజీలు, మైకులు పెరిగినయి. మా ఊళ్ళో మాత్రం చెరువు కట్టే.

ఇక వెలుతురు. ఆట జోరందుకునేది పొద్దుగూకేటప్పుడు. సూర్యుడు దిగినాక ఇరవై నిమిషాలు ఆకాశంలో మంచి వెలుగుంటుంది, తర్వాత దీపాలే. చప్పట్లు కొట్టే చేతులు కదలకుండా పడాలంటే షట్టరు సెకనులో 125వ వంతు తెరుచుకుంటే చాలు అనుకుందాం. 15వ వంతు తెరిస్తే దాదాపు ఎనిమిది రెట్ల వెలుతురు లోపలికొస్తుంది గాని చేతులు పొగలాగా పడతాయి. ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. తంగేడుతో ఇంకో చిక్కు. పసుపు రంగు కెమెరాలోని ఎరుపు, ఆకుపచ్చ గడులను రెంటినీ నింపేస్తుంది. అవి నిండిపోతే రేకుల గీతలు పోయి పసుపు ముద్ద మిగులుతుంది. ఒక స్టాప్ తగ్గించి తీస్తే పువ్వు పువ్వులాగా ఉంటుంది. ఫ్లాష్ మాత్రం వద్దు.

వీటన్నిటికన్నా పెద్ద చిక్కు నిలబడే చోటు. ఆడేవాళ్ళంతా లోపలికి, బతుకమ్మ వైపు తిరిగి ఉంటారు. బయట నిలబడితే వీపులే. ముఖాలు కావాలంటే వలయం లోపల, బతుకమ్మ పక్కన నిలబడాలి. అక్కడ బతుకమ్మ తప్ప ఇంకెవరూ నిలబడరు. నేను ఆడపిల్లనే గనుక నన్నెవరూ వద్దనలేదు. "చేతుల కెమెరా ఉంటే చప్పట్లెట్ల కొడ్తవే?" అని బాపమ్మ ఒక్కమాట అన్నది, అంతే.

రెండేండ్ల కింద సద్దుల బతుకమ్మ నాడు చెరువు దగ్గర గౌరమ్మను తీసి, ఆ పసుపు పుస్తెలకు రాసుకుంటున్నారు. మా చిన్నమ్మ కండ్లల్లో నీళ్ళున్నయి. దీపం వెలుగు చెంప మీద పడింది. తీశాను. ఇంతవరకు నేను తీసిన వాటిలో అంత మంచి ఫొటో లేదు, ఏ మాటకామాటే చెప్పుకోవాలి. రాత్రికి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. గంటలో అది దుబాయిలో ఉన్న చిన్నబాపుకు చేరింది. పండుగ పూట ఎందుకేడ్చినవని ఆయన ఫోన్లో నిలదీశాడట. తెల్లారేసరికి వాడకట్టంతా తలా ఒక కారణం కట్టారు. అసలు కారణం నేను ఇప్పటికీ అడగలేదు. చిన్నమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. మరుసటేడు నేను కెమెరా బయటికి తీయగానే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు కూడా.

ఆ ఫొటోను ఫోన్లోంచి, కెమెరాలోంచి తుడిచేశాను. ఎవరెవరి ఫోన్లలో ఉందో మాత్రం చెప్పలేను.

ఈసారి పద్ధతి మార్చాను. పూలు తెంపేటప్పుడు, పేర్చేటప్పుడు అడిగి తీశాను. పగటి వెలుతురు, చేతులకు పని, ఎవరికీ బెదురు లేదు. ఆట మొదలైనాక కెమెరాను బాపు చేతికిచ్చి నేనూ వలయంలో కలిశాను. గౌరమ్మను తీసేటప్పుడు ఎవరూ ఏదీ తియ్యలేదు. ఆట నడుమ ఒక్కసారి బయటికొచ్చి, 15వ వంతు షట్టరుతో చప్పట్లు మాత్రమే తీశాను. ముఖాలు లేవు, అన్నీ పొగలే. ఇంటికొచ్చి బాపమ్మకు చూపిస్తే గాజులు చూసి "ఇవి మీ చిన్నమ్మ చేతులు" అన్నది.

ఈ సంచికకు ఇచ్చే ముందు చిన్నమ్మకు చూపించి అడిగాను. చాలాసేపు చూసింది.

"చేతులే గదా, ఏసుకో బిడ్డా" అన్నది.