సముద్రం ఎందుకు పొంగింది?

పిల్లలూ! మన కోనసీమలో బావి తవ్వితే ఒండ్రుమట్టి, ఇసుక పడతాయి గాని రాయి తగలదు. కొండ చూడాలంటే గోదావరి దాటి పైకి పోవాలి. ఇలాంటి చోట పుట్టినవాళ్ళకు భూకంపాలూ, అగ్నిపర్వతాలూ ఎక్కడో జరిగే కథల్లాగే తోస్తాయి. నాకూ అలాగే తోచేది, 2004 డిసెంబరు 26 వరకు.

ఆ రోజు ఆదివారం, పౌర్ణమి. ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా దీవి పక్కన సముద్రం అడుగున భూమి అదిరింది. సుమారు రెండున్నర గంటల్లో అక్కడి అలలు బంగాళాఖాతం దాటి మన తీరాన్ని తాకాయి. ఉప్పెన మనకు కొత్త కాదు. 1996 నవంబరు తుఫాను సంగతి ఇంట్లో పెద్దవాళ్ళనడిగితే చెబుతారు. కాని ఆ రోజు గాలి లేదు, వాన లేదు, సముద్రం మాత్రం లేచి వచ్చింది. మన ఆంధ్ర తీరంలోనే నూరుమందికి పైగా చనిపోయారు. అన్ని దేశాలూ కలిపితే రెండు లక్షలమందికి పైగా.

మరునాడు నేను బడికి వెళ్ళగానే ఆరో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "మాస్టారూ, భూకంపం వచ్చింది సుమత్రాలో కదండీ? మన సముద్రం ఎందుకు పొంగిందండీ?" అని అడిగింది. ఏదో తెలిసీ తెలియని జవాబు చెప్పి కూర్చోబెట్టాను. ఏళ్ళ తరబడి భూకంపాల పాఠం చెప్పినవాణ్ణే! అయినా "సునామీ" అన్న మాట నా పాఠంలో ఒక్కనాడూ రాలేదు. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుంటాను.

భూమి పైపొర గుండులాగా ఒకే ముక్కగా లేదు. ఏడు పెద్ద పలకలూ, చిన్నవి మరికొన్నీ పక్కపక్కన ఇమిడి ఉన్నవి. వాటి మీదనే ఖండాలూ, సముద్రాలూ ఉన్నవి. పలకల కింద ఉన్న రాయి ఎంతో వేడిగా ఉంటుంది. అది నీళ్ళలాంటి ద్రవం కాదు, రాయే. కాని లక్షల ఏళ్ళ మీద మైనంలాగా మెల్లగా కదులుతుంది. దాని మీద పలకలు కూడా కదులుతాయి. మనమున్న భారత పలక ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతున్నది. మీ చేతి గోరు పెరిగే వేగం కన్నా కాస్త ఎక్కువ, అంతే!

ఇంత నెమ్మది నడకతో ప్రమాదమేమిటి? ప్రమాదమంతా అంచుల దగ్గర ఉన్నది. గోదావరి రేవులో రెండు పడవలను చూడండి. అవి ఒకదాన్నొకటి వదిలి దూరంగా పోవచ్చు. ఎదురెదురుగా వచ్చి గుద్దుకోవచ్చు. లేదా పక్కలు ఒరుసుకుంటూ పోవచ్చు. పలకల అంచులూ ఈ మూడు రకాలే.

మొదటిది, విడిపోవటం. అట్లాంటిక్ సముద్రం నడుమ ఇలాగే పలకలు విడిపోతున్నవి. ఆ సందులో కిందినుంచి కరిగిన రాయి పైకి వచ్చి గట్టిపడి కొత్త నేల అవుతుంది. మన తూర్పుతీరం కూడా ఒకప్పుడు ఇలాంటి అంచే! సుమారు 13 కోట్ల ఏళ్ళ కింద మన దేశమూ, ఇప్పుడు మంచుతో కప్పబడి ఉన్న అంటార్కిటికా ఖండమూ ఈ తీరం దగ్గర విడిపోయాయి. చీలిన చోట నేల కుంగింది. ఆ పల్లాన్ని నదులు కోట్ల ఏళ్ళపాటు మట్టితో నింపాయి. ఆ మట్టిలో పూడిపోయిన జీవుల, మొక్కల అవశేషాలే వేడికి మాగి వాయువుగా మారాయి. తాటిపాకలో, పాశర్లపూడిలో బావులు వేసి తీసినది ఆ వాయువునే. ఇప్పుడు ఆ చీలిక పలక అంచు కాదు, మానిపోయిన పాత గాయం.

రెండవది, ఒరుసుకోవటం. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఇలాంటి అంచు మీద ఉన్నది. మన ప్రాంతపు పిల్లలెందరో అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. 1906 లో అక్కడ అంచు ఒక్కసారిగా జారితే తిన్నని కంచెలు కొన్ని మీటర్ల మేర పక్కకు తప్పుకున్నవి. శాన్‌ఫ్రాన్సిస్కో నగరం కూలి, కాలిపోయింది.

మూడవది, గుద్దుకోవటం. ఇందులోనూ రెండు తీరులు. ఉత్తరాన భారతభూమి ఆసియాతో దాదాపు 5 కోట్ల ఏళ్ళ కింద గుద్దుకున్నది. రెండూ తేలికైన ఖండాలే గనుక ఏదీ లోతుకు మునగలేక, దుప్పటి ముడతపడినట్లు నేల పైకి లేచింది. అదే హిమాలయం. ఆ తోపులాట ఇంకా ఆగలేదు. 2015 లో నేపాల్ భూకంపం దాని ఫలితమే. తూర్పున సంగతి వేరు. సుమత్రా నుంచి అండమాన్ దాకా మన వైపు సముద్రపు అడుగు బరువైనది. అది బర్మా పలక అనే చిన్న పలక కిందికి దూరుతున్నది. దూరే పలకతో పాటు లోపలికి పోయిన నీరు తగిలి, వేడి రాయి సులువుగా కరుగుతుంది. అండమాన్‌లో బారెన్ దీవి అగ్నిపర్వతం అలా పుట్టినదే.

ఇక 2004 సంగతి. ఒక కొబ్బరి ఈనెను బల్ల అంచున పట్టి, దాని కొనను మెల్లగా కిందికి వంచండి. చప్పుడు లేదు. వేలు జారగానే టప్పున పైకి కొడుతుంది. కిందికి దూరే పలక, పై పలక అంచును పట్టుకుని వందల ఏళ్ళపాటు అలాగే వంచింది. ఆ ఉదయం పట్టు జారింది. సుమారు 1300 కిలోమీటర్ల పొడవునా అంచు తెగింది. సముద్రపు అడుగు కొన్ని మీటర్లు పైకి లేచి, తన మీది నీటినంతా ఎత్తింది. గాలికి లేచే అల పైపైనే ఉంటుంది. ఇది మాత్రం అడుగునుంచి కదిలిన నీరు. నడిసముద్రంలో గంటకు 700 కిలోమీటర్ల వేగంతో పోతుంది. తీరంలో లోతు తగ్గగానే వేగం తగ్గి, ఎత్తు పెరుగుతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉన్నది. నేల లేచిన వైపు మనం ఉన్నాం. కుంగిన వైపు థాయిలాండు ఉన్నది. అందుకే అక్కడ సముద్రం ముందు వెనక్కి పోయింది. మన వైపు చాలాచోట్ల ముందే పొంగి వచ్చింది, ఆ తరవాత వెనక్కి పోయి, మళ్ళీ వచ్చింది. సునామీ ఒక్క అల కాదు, కొన్ని గంటలపాటు వరసగా వచ్చే అలలు. నీరు తీసిందని చేపలు ఏరటానికి పోరాదు. మొదటి అల పోయిందని సామాను కోసం తిరిగి వెళ్ళరాదు.

ఆ రోజే థాయిలాండులో టిల్లీ స్మిత్ అనే పదేళ్ళ ఇంగ్లీషు పిల్ల తల్లిదండ్రులతో సముద్రతీరాన ఉన్నది. రెండు వారాల కిందట భూగోళం తరగతిలో సునామీ పాఠం విన్నది. నీరు నురగలు కక్కుతూ తీరు మారటం చూసి, "సునామీ వస్తున్నది!" అని కేకలు పెట్టింది. పెద్దవాళ్ళు ఆమె మాట విన్నారు. సుమారు నూరుమంది అలకు ముందే తీరం వదిలి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ పాఠం చెప్పిన మాస్టారు ధన్యుడు! నా పాఠంలో లేని ముక్క ఆయన పాఠంలో ఉన్నది.

2007 నుంచి హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం సునామీ హెచ్చరికలు ఇస్తున్నది. హెచ్చరిక వినగానే కదలాలి. సముద్రం తీరు అకస్మాత్తుగా మారితే హెచ్చరిక కోసం కూడా ఆగరాదు. మనకు ఎక్కటానికి కొండ లేదు. అందుచేత అంతర్వేది, ఓడలరేవు వంటి తీరపు ఊళ్ళవాళ్ళు లోపలి ఊళ్ళ వైపు పోవాలి. వ్యవధి లేకపోతే తుఫాను షెల్టరుగాని, గట్టి డాబా మేడగాని ఎక్కాలి. ఏటి కాలవల పక్కన నిలబడరాదు, సముద్రం ఏటిలోకి కూడా ఎక్కి వస్తుంది.

ఈ రాత్రి అన్నాలవేళ ఇంట్లో వాళ్ళకు ఈనె ఆట చేసి చూపించండి. తరవాత, "మన ఇంటి నుంచి మనం ఎటు వెళ్ళాలి?" అని అడగండి. ఆ ప్రశ్నకు ఇంటిల్లిపాదీ ఒకే జవాబు చెబితే, ఈ పాఠం మీకు వచ్చినట్టే.