వంటింటి తలంటు: ఎంతవరకు పనికొస్తుంది?

ఈ వారం మన కబుర్లు జుట్టు గురించి. "అమెరికా వచ్చాక జుట్టంతా ఊడిపోతోందండీ, ఇక్కడి నీళ్ళు పడలేదు" అనని తెలుగువాళ్ళు అరుదు. నేనూ అన్నాను. ఐటీ కన్సల్టెంటుగా ఫీనిక్స్‌లో ప్రాజెక్టు చేసిన రోజుల్లో నా జుట్టు కొబ్బరి పీచులా తయారైంది. ఆ ఊరి నీళ్ళల్లో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. స్కూల్లో కఠిన జలం అని చదువుకున్నామే, అదే. అది జుట్టుని గరుకుగా చేస్తుంది, చిక్కులు పడితే తెగుతుంది కూడా. అంతేగానీ కుదురునుంచి ఊడగొట్టేది సాధారణంగా నీళ్ళు కాదు. ఈ తేడా తెలియక నేను ఆర్నెల్లు పోగొట్టుకున్నాను. ఆ కథ చివర్లో చెప్తాను.

ముందు కుంకుడుకాయలు. ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి. గింజలు తీసేసిన పెచ్చులే కొనండి. అపార్ట్‌మెంట్లో కాయలు కొట్టడం మొదలుపెడితే కింద ఇంటివాళ్ళు వచ్చి తలుపు తడతారు! పది కాయల పెచ్చులు వేడినీళ్ళలో నానబెట్టి, పిసికి, పల్చటి గుడ్డలో వడకట్టండి. వాటిలో సపోనిన్లు అనే పదార్థాలుంటాయి. నురగ వాటివల్లే. మామూలు సబ్బు కఠిన జలంలో తెల్లటి తెట్టు కడుతుంది, కుంకుడు రసం అలా కట్టదు. కళ్ళల్లో పడితే మాత్రం మంట సంగతి మీకు తెలిసిందే, పిల్లలతో జాగ్రత్త.

తర్వాత కొబ్బరినూనె. 2003లో రేలే, మొహిలే అనే ఇద్దరు పరిశోధకులు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ పోల్చి చూశారు. తల కడిగినప్పుడు వెంట్రుకల్లోని ప్రోటీన్ పోవడాన్ని బాగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అందులోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి ఇంకుతుంది. వాళ్ళు కొబ్బరినూనె అమ్మే మారికో కంపెనీ వాళ్ళేననుకోండి, ఆ సంగతి కూడా గుర్తుపెట్టుకుందాం. తలంటుకి గంట ముందు కొద్దిగా రాసుకుంటే చాలు. చుండ్రు ఎక్కువగా ఉంటే నూనె వద్దు, ఆ చుండ్రు వెనకున్న ఫంగస్‌కి నూనె మేతే అవుతుంది.

ఇక మెంతులు. రెండు చెంచాలు రాత్రి నానబెట్టి, పొద్దున్న పెరుగుతో రుబ్బి పట్టించండి. ఆ జిగురు వెంట్రుక మీద పూతలా పట్టి మెత్తగా ఉంచుతుంది. కడిగేటప్పుడు కాలవకి జాలీ పెట్టండి, లేకపోతే పిండి వెళ్ళి బాత్‌టబ్ పూడుకుపోతుంది. గుడ్డు పట్టిస్తే చన్నీళ్ళతోనే కడగండి, వేడినీళ్ళు పోస్తే తలమీదే ఉడుకుతుంది! వంటసోడా జోలికి మాత్రం వెళ్ళకండి, దాని క్షారగుణం వెంట్రుకని గరుకుగా చేస్తుంది.

ఇప్పుడు నా కథ. మా అమ్మాయి పుట్టిన నాలుగో నెలలో దువ్వెన నిండా జుట్టు రావడం మొదలైంది. "మెంతులు రాసుకోవే, తగ్గిపోతుంది" అంది అమ్మ ఫోన్లో. రాశాను. మందారాకు పొడి రాశాను. కరివేపాకు నూనె కాచాను. ఆర్నెల్లు గడిచాయి. మెట్లెక్కితే ఆయాసం, పొద్దున్న లేవలేనంత నీరసం. పసిపిల్లతో, ఉద్యోగంతో అంతేలే అనుకున్నాను. చివరికి రక్త పరీక్ష చేయిస్తే ఐరన్ బాగా తక్కువని తేలింది. మందులు వాడాక నీరసం తగ్గింది, తర్వాత మెల్లగా జుట్టూ నిలదొక్కుకుంది.

అమ్మ తప్పేం లేదు. కాన్పయ్యాక జుట్టు రాలడం మామూలే, చాలామందికి ఏడాదిలోపు తిరిగొస్తుంది. పెద్ద జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకి కూడా రాలుతుంది. రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకలు ఎవరికైనా పోతాయి. కానీ దానితోపాటు నీరసం ఉన్నా, బరువులో మార్పు వచ్చినా, మాడు మీద ఒకచోట గుండ్రంగా ఖాళీ ఏర్పడినా డాక్టరుని అడగండి. ఐరన్, థైరాయిడ్ పరీక్షలు చేయిస్తారు. శాకాహారులు మరీ గుర్తుపెట్టుకోవాలి.

వంటింటి సరుకు చర్మానికి పైనున్న వెంట్రుకని బాగా చూసుకుంటుంది. కుదురు సంగతి ఒంట్లో రక్తం చూసుకోవాలి. ఈ శనివారం హాయిగా తలంటు పోసుకోండి. నూనెకి టబ్బు జారుతుంది, దిగేటప్పుడు మెల్లగా. ఉంటానండీ, సెలవు.