ఖర్జూర చెట్టు కింద కన్నీరు!

యుద్ధం గెలిస్తే విజయస్తంభం కట్టించే రాజులున్నారు. రోమన్‌ చక్రవర్తి వెస్పేషియన్‌ అక్కడితో ఆగలేదు. ఓడినవాళ్ల బొమ్మల్ని నాణేల మీద ముద్రించి జనం చేతుల్లో పెట్టాడు!

ఒకవైపు చక్రవర్తి ముఖం. రెండోవైపు మధ్యలో ఖర్జూర చెట్టు. దాని కింద చెంపకు చెయ్యి ఆనించుకుని దిగాలుగా కూర్చున్న స్త్రీ. పక్కనే చేతులు వెనక్కి కట్టేసిన బందీ. కొన్ని నాణేల్లో బందీకి బదులు, శిరస్త్రాణం మీద కాలుమోపి ఈటెతో నిలబడ్డ చక్రవర్తి ఉంటాడు. చుట్టూ లాటిన్‌లో ‘యుడేయా కాప్టా’ అని ఉంటుంది. అంటే... యూదయ చేజిక్కింది అని. బైబిల్లో కనిపించే యూదయే ఇది. ఆ చెట్టు ఆ ప్రాంతానికి గుర్తు. ఏడుస్తున్న స్త్రీ ఆ దేశానికి ప్రతీక.

ఎవరా బందీలు?

క్రీ.శ.66లో యూదులు రోమ్‌ మీద తిరగబడ్డారు. 70లో వెస్పేషియన్‌ కొడుకు టైటస్‌ జెరూసలేంను పట్టుకున్నాడు. దేవాలయం తగలబడిపోయింది. ఆ యుద్ధాన్ని దగ్గరుండి చూసిన యూదు చరిత్రకారుడు జోసిఫస్‌ లెక్క ప్రకారం మొత్తం బందీలు 97 వేలమంది. పదిహేడేళ్లు దాటినవారిలో చాలామందిని సంకెళ్లు వేసి ఈజిప్టుకు వెట్టిచాకిరీకి పంపారు. ఎందరినో క్రీడాప్రాంగణాల్లో కత్తులకూ క్రూరమృగాలకూ బలిచ్చారు. అంతకన్నా చిన్నవాళ్లను బానిసలుగా అమ్మేశారు. పొడగరులైన అందమైన యువకుల్ని మాత్రం ఏరి పక్కన పెట్టారు... విజయోత్సవంలో చూపించడానికి! 71లో రోమ్‌ వీధుల్లో ఆ ఊరేగింపు జరిగింది. తిరుగుబాటు నాయకుల్లో ఒకడైన సైమన్‌ బార్‌ గియోరాను అందులో నడిపించి, చివర్లో చంపేశారు.

నాణెమే వార్త

నిజానికి యూదయ అంతకుముందే రోమన్ల ఏలుబడిలో ఉంది. అణచింది తిరుగుబాటునే, గెలిచింది కొత్త దేశాన్ని కాదు. అయినా ఇంత ప్రచారం ఎందుకంటే... వెస్పేషియన్‌ది రాజవంశం కాదు. 69లో ఒకే ఏడాది నలుగురు చక్రవర్తులు మారిన అంతర్యుద్ధంలో గద్దెనెక్కాడు. తన సత్తా చాటే విజయం ఒకటి కావాలి. పత్రికలు లేని ఆ రోజుల్లో నాణేన్ని మించిన ప్రచార సాధనం ఏముంది! బంగారం, వెండి నాణేలతోపాటు సామాన్యులు వాడే కంచు, ఇత్తడి నాణేల మీదా ఈ బొమ్మలు వేయించాడు. యూదులు జెరూసలేం ఆలయానికి ఏటా ఇచ్చే కానుకను కూడా పన్నుగా మార్చి, రోమ్‌లోని జూపిటర్‌ గుడికి మళ్లించాడు.

యూదులు మళ్లీ 132లో బార్‌ కొఖ్బా నాయకత్వంలో తిరగబడ్డారు. ఈసారి వాళ్లూ నాణేలతోనే జవాబిచ్చారు. చలామణిలో ఉన్న రోమన్‌ నాణేల మీదే తమ ముద్ర కొట్టారు. చక్రవర్తి ముఖం చెరిగి, అదే ఖర్జూర చెట్టు వచ్చింది. 135లో ఆ తిరుగుబాటూ అణగిపోయింది.

బొమ్మ మారింది

1958లో ఇజ్రాయెల్‌ పదేళ్ల పండుగ చేసుకుంది. ఆ సందర్భంగా విడుదల చేసిన స్మారక పతకం మీద ఒకవైపు ఆ పాత రోమన్‌ నాణెం బొమ్మనే వేశారు. రెండోవైపు కూడా ఖర్జూర చెట్టే. కానీ దాని దగ్గర ఏడుస్తున్న స్త్రీ లేదు. బిడ్డను పైకెత్తిన తల్లి ఉంది. కట్టేసిన చేతులు లేవు. మొక్క నాటుతున్న చేతులున్నాయి.