సీటు వచ్చింది సరే... పూట గడిచేదెట్లా?

పి.జి., పరిశోధన చదువుల్లో పల్లె బిడ్డల పాట్లు - అందే సాయం, అందని సాయం

మైదుకూరు: ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ కాలంలో వాటికి మూడోది చేర్చవచ్చు. బిడ్డను ఎమ్మే దాకా, ఆపైన పరిశోధన దాకా చదివించి చూడు!

కె.సి. కాలువ కింద పసుపు, వరి పండించే రైతుకైనా, జమ్మలమడుగు వైపు మగ్గం నేసే ఇంటికైనా డిగ్రీ వరకు చదువు ఒక లెక్క. ఆపై చదువు మరో లెక్క. డిగ్రీని ప్రొద్దుటూరులోనో, జమ్మలమడుగులోనో, పులివెందులలోనో పూర్తి చేయవచ్చు. పొద్దున బస్సెక్కితే మాపటికి ఇల్లు చేరవచ్చు. పి.జి. అయితే కడపకో, తిరుపతికో పోవాలి. అక్కడే ఉండాలి, అక్కడే తినాలి. తోటి పిల్లలు బెంగుళూరులోనో, కువైట్‌లోనో సంపాదించి ఇంటికి డబ్బు పంపుతుంటే, చదివే బిడ్డకు ఇంటినుంచే పంపాలి. ఇక్కడే చాలా ఇళ్ళలో చదువు ఆగిపోతున్నది. తెలివి చాలక కాదు, పూట గడవక.

కూడు పెట్టిన చోటే కాలేజీ

చదివేవాడి తిండి ఎవరు చూస్తారన్నది ఇప్పటి ప్రశ్న కాదు. పెద్ద పెద్ద కళాశాలలు పుట్టిందే ఈ ప్రశ్నలోంచి. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో యూనివర్సిటీ కాలేజీ అని ఒకటుంది. డర్హాం విలియం అనే మతాచార్యుడు 1249లో చనిపోతూ 310 మార్కుల సొమ్ము వదిలిపోయాడు. మార్కు అంటే ఆనాటి డబ్బు లెక్క. అప్పటికే ఎమ్మే అయినవారు పదిమందికి పైగా ఇంకా పైచదువు చదువుకోవడానికి ఆ సొమ్ము వాడాలన్నది ఆయన కోరిక. భవనం తరువాత వచ్చింది. ముందు వచ్చింది భోజనం ఖర్చు.

అంత దూరం పోనక్కరలేదు. మన కడపలోనే సి.పి. బ్రౌన్ దొర తన బంగళాలో పండితులకు, లేఖకులకు నెలజీతాలిచ్చి తాళపత్రాలను సేకరింపజేశాడు, తప్పులు దిద్దించాడు, శుద్ధప్రతులు రాయించాడు. ఆ పనులు అయోధ్యాపురం కృష్ణారెడ్డి చూసేవారు. దొర తన జీతం చాలక అప్పు చేసి మరీ ఆ పని నడిపించాడు. ఈనాడు వేమన పద్యాలు మన చేతికి అంత తేలికగా దొరుకుతున్నాయంటే, ఆనాడు ఆ పండితుల పూట గడవడం కూడా ఒక కారణం.

తిరుపతి ఎలా దగ్గరైంది?

ఒకప్పుడు రాయలసీమ బిడ్డకు పైచదువంటే మద్రాసే. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినా సీమ కాలేజీలు తిరిగి మద్రాసు విశ్వవిద్యాలయం కిందికే పోయాయి. 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో సీమ నాయకులు అడిగినవాటిలో నీళ్ళతోపాటు విశ్వవిద్యాలయం కూడా ఉంది. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం కావాలన్నది అందులోని మాట. చివరకు 1954లో తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిసింది. తిరుమల తిరుపతి దేవస్థానం ఇచ్చిన భూమి, అందించిన సాయం దానికి పునాది. అంటే కొండకు పోయి మనం హుండీలో వేసిన రూపాయి కూడా ఆ చదువుల్లో ఉందన్నమాట.

ఆ చెట్టుకు కొమ్మలు వచ్చాయి. 1981లో అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, 1983లో తిరుపతిలోనే మహిళలకు పద్మావతి విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. కడపలో నడిచిన ఎస్వీ విశ్వవిద్యాలయ పి.జి. కేంద్రం 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయమైంది. కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఇప్పుడు దాని కిందే ఉంది. ఇలా చదువు మైదుకూరుకు దగ్గరైంది.

దగ్గరైన చదువు ఏం ఇస్తుందో చెప్పడానికి ఒక పేరు చాలు. ఈ జిల్లా రంగశాయిపురంలో 1939లో పుట్టిన కేతు విశ్వనాథరెడ్డి, కడప జిల్లా ఊర్ల పేర్ల మీద పరిశోధన చేసి ఎస్వీ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. మనం రోజూ బస్సు బోర్డు మీద చదివే ఊరి పేర్లకు మూలాలు వెతికిన పని అది. కథకుడిగా ఆయనకు 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 2023లో కన్నుమూశారు. పల్లె బిడ్డ పైచదువుకు పోతే పల్లెకే పని జరుగుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

రెండేళ్ళ ఇరుకు

పి.జి. రెండేళ్ళే అసలు ఇరుకు. సీటు కోసం 2021 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే ప్రవేశ పరీక్ష వచ్చింది. మొదటిసారి ఆ పరీక్ష నడిపింది మన యోగి వేమన విశ్వవిద్యాలయమే. సీటు వచ్చాక హాస్టలు. అక్కడ చాలాచోట్ల మెస్సు ఖర్చును నెలాఖరున తలకింతని పంచుతారు. కందిపప్పు, నూనె ధర పెరిగితే బిల్లు పెరుగుతుంది. అందుకే పండుగకు ఇంటికి వచ్చిన బిడ్డ తిరిగిపోతూ కారం పొడి, ఊరగాయ జాడీ మోసుకుపోతాడు. బిల్లు బాకీ పడితే చదువు ముగిసినా చిక్కే. బాకీ లేదన్న కాగితం ఉంటేనే సర్టిఫికెట్ల పని సాగుతుంది.

ఈ ఖర్చుకు స్కాలర్‌షిప్పు ఉంది. హరిజన విద్యార్థులకోసం 1944లో మొదలైన పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్పు దీనికి మూలం. 2020లో రాష్ట్ర ప్రభుత్వం వసతి దీవెన అని పేరుపెట్టి, అర్హులైన డిగ్రీ, ఆపై విద్యార్థులకు ఏడాదికి 20 వేల రూపాయలు రెండు విడతలుగా తల్లుల ఖాతాల్లో వేయాలని నిర్ణయించింది. 2024లో ప్రభుత్వం మారింది, పథకం పేరూ మారింది. పేరు ఏదైనా, ఏ ప్రభుత్వమైనా, విద్యార్థి నోట వినిపించే మాట ఒకటే: బకాయి. బిల్లు నెలనెలా వస్తుంది, డబ్బు మాత్రం ఎప్పుడో వస్తుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్లుంది ఈ వ్యవహారం.

మరొక మెలిక గమనించాలి. 2020 డిసెంబరులో వచ్చిన 77వ నంబరు జీవో, ప్రయివేటు కాలేజీల్లో పి.జి. చేసేవారికి ఫీజు చెల్లింపు నిలిపివేసింది. కనుక ప్రయివేటు కాలేజీలో చేరే ముందు ఆ ఏడాది ఉత్తర్వులు ఏమిటో సచివాలయంలో అడిగి, కాగితం చూసుకుని మరీ చేరడం మేలు.

ఒడ్డు దాటితే ఆదరువు

ఈ రెండేళ్ళు దాటిన వారికి ఆదరువు ఉంది. ఊళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు. యు.జి.సి. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. అర్హత వస్తే, పరిశోధనలో చేరినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37 వేల రూపాయలు. రెండేళ్ళ తరువాత పని బాగుందని తేలితే 42 వేలు. మొత్తం 5 ఏళ్ళు. హాస్టలు దొరకనివారికి ఇంటి అద్దె అదనం. పరీక్ష ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబరు విడతలుగా జరుగుతుంది. వయసు 30 ఏళ్ళు దాటరాదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులకు, మహిళలకు, వికలాంగులకు 5 ఏళ్ళ సడలింపు ఉంది.

ఇవికాక కేంద్రం ఇచ్చే జాతీయ ఫెలోషిప్పులు వేరే ఉన్నాయి. ఏటా ఎస్సీలకు 2,000, బీసీలకు 1,000, ఎస్టీలకు 750. మైనారిటీ విద్యార్థులకు ఇచ్చిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును మాత్రం 2022-23 నుంచి కొత్తవారికి ఆపేశారు. ప్రొద్దుటూరు, కడప ముస్లిం ఇళ్ళలో పైచదువు ఆశించే పిల్లలకు ఇది పెద్ద లోటే.

అమ్మాయిల తల్లిదండ్రులు ఇంకొకటి తెలుసుకోవాలి. పెళ్ళయితే పరిశోధన ముగిసినట్లే అన్న భయం అక్కరలేదు. పిహెచ్.డి. కాలంలో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవుకు యు.జి.సి. నిబంధన ఉంది. మామూలు గడువు 6 ఏళ్ళయితే మహిళలకు మరో 2 ఏళ్ళు పొడిగించవచ్చు.

తేడా ఎక్కడ?

ఇంత ఉన్నా న్యాయం సమానంగా లేదు. కేంద్ర విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసేవారికి నెట్ ఫెలోషిప్పు లేకపోయినా నెలకు 8 వేలు ఇచ్చే ఏర్పాటుంది. తిరుపతి, కడప వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు అది వర్తించదు. చేసేది అదే పరిశోధన, తినేది అదే అన్నం. ఒకరికి ఉంది, ఇంకొకరికి లేదు.

రెండో తేడా భాషది. నెట్‌లో భాషా సబ్జెక్టులు తప్ప మిగిలిన ప్రశ్నపత్రాలు ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటాయి. తెలుగు మాధ్యమంలో చరిత్రో, ఆర్థికశాస్త్రమో చదివిన పల్లె బిడ్డ ప్రశ్న అర్థం చేసుకునేసరికే కాలం కరిగిపోతుంది. హిందీ బిడ్డకున్న వెసులుబాటు తెలుగు బిడ్డకు ఎందుకు లేదన్నది మన ప్రజాప్రతినిధులు అడగవలసిన ప్రశ్న.

ఊరు చేయగలిగింది

ప్రభుత్వం చేయవలసింది ఒకవైపు ఉండగా, ఇంట్లోనే చక్కబెట్టుకోవలసిన పనులు కొన్ని ఉన్నాయి. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం సీటు వచ్చాక కాదు, ముందే తీసుకోవాలి. కేంద్ర పథకాలకు బీసీలు నాన్ క్రీమీలేయర్ పత్రం ప్రత్యేకంగా తీసుకోవాలి. బ్యాంకు ఖాతాకు ఆధార్ కలిసిందో లేదో చూసుకోవాలి. నెట్‌కు పి.జి. రెండో ఏడాదిలోనే దరఖాస్తు చేయవచ్చు. డిగ్రీ చేతికి వచ్చేదాకా ఆగితే విలువైన ఏడాది పోతుంది.

పెళ్ళిళ్ళకు, తిరునాళ్ళకు చందాలు వేసుకోవడం మన ఊళ్ళకు కొత్త కాదు. ఊరినుంచి పి.జి.కి పోయిన ఒక బిడ్డకు రెండేళ్ళ మెస్సు బిల్లు ఊరంతా కలిసి చూసుకుంటే అది పెద్ద భారమూ కాదు. ఆ రెండేళ్ళు గట్టెక్కించినవారికి ఊరి మీద పరిశోధన చేసే బిడ్డో, ఊరి బడిలో పాఠం చెప్పే బిడ్డో మిగులుతారు. బ్రౌన్ దొర అప్పు చేసి పండితులకు కూడు పెట్టింది ఈ జిల్లాలోనే. మన బిడ్డకు మనం పెట్టడానికి అప్పు కూడా చేయనక్కరలేదు. తలా ఒక చేయి వేస్తే చాలు.