బరంపురపు తెలుగు కుటుంబములు: వ్యాయామము, నిద్ర, దేహభారము

బరంపురము 1936 ఏప్రిలు 1వ తేదీన ఒడిశా రాష్ట్రములో చేరినది. అంతకు పూర్వమది మదరాసు రాజధానిలోనిది. ఇచ్చటి పట్టునేత కుటుంబములు కొన్ని శతాబ్దములకు ముందే గోదావరీ తీరమునుండి వచ్చినవని ప్రతీతి. ఆ పెద్దలకు ‘వ్యాయామము’ అను మాటతో పని లేకుండెను. గుంటమగ్గమున కూర్చుండినను కాళ్ళు, చేతులు ఆడుచునే యుండును. పడుగును సాగదీసి సరిచేయునపుడు దాని వెంట అటునిటు నడవవలెను. సన్నని పట్టునూలుతో దీపపు వెలుతురున పని కష్టము గనుక రాత్రి నిద్రకే మిగిలెడిది.

నేడు వారి మనుమలలో పెక్కుమంది దుకాణములందును, కార్యాలయములందు కంప్యూటరుల యెదుటను కూర్చుండువారు. తాతగారి పళ్ళెములోని అన్నము మాత్రము మనుమని పళ్ళెములో తగ్గలేదు.

కిలోగ్రాములలోని దేహభారమును, మీటర్లలోని ఎత్తును ఆ ఎత్తుచేతనే గుణించిన సంఖ్యతో భాగింపగా దేహభార సూచిక వచ్చును. పాశ్చాత్యులకు ఇది 25 చేరినపుడు అధికభారమందురు. మనవారికి తక్కువ బరువునందే పొట్టచుట్టు కొవ్వు చేరి మధుమేహము కలుగుచున్నందున, 2009లో భారతీయ వైద్యనిపుణులు 23ను అధికభారమునకును, 25ను స్థూలకాయమునకును హద్దులుగా నిర్ణయించిరి. 160 సెంటీమీటర్ల ఎత్తుగలవారికి ఇవి సుమారు 59, 64 కిలోలు. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు. త్రాసుకంటె దర్జీవాని కొలతనాడాయే యిచ్చట ఎక్కువ నిజము చెప్పునని నా యభిప్రాయము.

దేహదార్ఢ్యమునకు మనలో పేరుగన్నవారు లేకపోలేదు. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తినాయుడుగారు తమ చివరి దినములను ఒడిశాలోనే గడపి 1942లో కీర్తిశేషులైరి. ఈ బరంపురపు బిడ్డయే యగు కాటులు రవికుమార్ 2010లో ఢిల్లీ కామన్వెల్తు క్రీడలలో 69 కిలోల తరగతిలో బరువులెత్తి స్వర్ణపతకము గొనెను. ఇవి గర్వింపదగినవే గాని, నలువదేండ్ల గృహస్థు ఉక్కు గొలుసులు త్రెంపనక్కఱలేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో పెద్దలకు వారమునకు కనీసము 150 నిమిషముల మధ్యరకపు శ్రమ చాలుననెను. దినమునకు అరగంట చొప్పున అయిదు దినముల వడినడక యన్నమాట. వారమునకు రెండు దినములు కండరములకు బలము నిచ్చు శ్రమయు కావలెను.

ఉత్సాహముతో మొదలిడి పదవనాడు మానుట మనలో సామాన్యము. లండను విశ్వవిద్యాలయ కళాశాలవారు 2010లో ప్రకటించిన పరిశోధనలో, క్రొత్త పని అలవాటుగా కుదురుటకు నడిమి లెక్కగా 66 దినములు పట్టినది. కొందఱికి 18, కొందఱికి 254. ఒకనాడు తప్పినంత మాత్రమున అలవాటు చెడలేదని కూడ తేలినది. కాబట్టి రెండేండ్ల కొకసారి వచ్చు ఠాకురాణి యాత్ర దినములలో నడక తప్పినచో, ఇక పోయినదని విడువక, మఱునాడు మొదలిడిన చాలును. క్రొత్త పనిని నిత్యము తప్పక జరుగు మఱియొక పనికి ముడివేయవలెను. సాయంకాలపు టీ త్రాగి గ్లాసు క్రింద పెట్టినంతనే చెప్పులు తొడుగుట అట్టిది.

నిద్ర విషయమున నాకు పెద్దలకంటె పిల్లలను గూర్చియే చింత. పెద్దలకు కనీసము 7 గంటలును, ఆరు మొదలు పండ్రెండేండ్ల వారికి 9 మొదలు 12 గంటలును నిద్ర కావలెను. నిద్ర తగ్గినచో ఆకలి పెరిగి, తీపిపైకి మనసు పోవును. బరువు పెరుగుటకు అదియు నొక కారణము. మన పిల్లలు ఒడియా, ఇంగ్లీషు, హిందీలతోపాటు తెలుగును నేర్వవలెను. ట్యూషను ముగిసి, భోజనమైన పిదప, కన్నులు మూతలు పడువేళ తెలుగు వాచకము తెఱచుచున్నారు. ఉదయము ఆరింటికి లేవవలసిన పదేండ్ల బాలుడు తొమ్మిదింటికే పరుండవలెను. వేసవిలో ప్రొద్దుటిబడి యున్నపుడు మఱింత ముందుగా నిద్రింపవలెను. ఇట్లు నిద్రను దోచుకొను తెలుగును పిల్లలు ప్రేమింపరు. భారమని తలిదండ్రులే మాన్పించుటయు కలదు.

పాఠము వెనుకబడినదని ఆటల పీరియడును తెలుగునకు ఇమ్మని కొందఱు తలిదండ్రులు కోరుదురు. నేను తెలుగు చెప్పువాడనే. అయినను ఆ పీరియడు నాకు వలదు. అయిదు మొదలు పదునేడేండ్ల వారికి దినమునకు సగటున 60 నిమిషముల శ్రమ అవసరము. బడిలో ఆట పోయినచో సాయంకాలము ట్యూషను వారికి ఆ సమయము నీయదు. పద్యమునకు పుస్తకము ముందుండ నక్కఱలేదు గదా. సాయంకాలము అమ్మమ్మయో తాతయ్యయో మనుమని చేయి పట్టుకొని అరగంట నడచుచు, దినమున కొక పాదము చొప్పున చెప్పించినచో నాలుగు దినములకు పద్యము వచ్చును, ఇరువురికి నడకయు జరుగును, రాత్రి తొమ్మిదింటికి దీపమార్పవచ్చును.